తాతగారి చుట్టకు బహిరంగ లేఖ

శ్రీ తాతగారి చుట్టగారికి నమస్కారాలు.

మీ క్షేమ సమాచారాలు అడగక్కర్లేదు. మా తాతగారు పోయి ఏళ్లు గడిచినా మీరు మాత్రం ఇంకా ఆరలేదు. పెళ్లిపందిట్లో, బస్టాండులో, ఆఖరికి ఆసుపత్రి వరండాలో కూడా, ఎవరైనా "కాస్త ఆ సిగరెట్లు తగ్గించరాదూ" అన్నారంటే చాలు, పిలవకుండానే వచ్చి కూర్చుంటారు. "మా తాత రోజూ చుట్ట కాల్చేవాడు. తొంభై ఏళ్లు గుండ్రాయిలా బతికాడు." అంతే, అవతలివాళ్ల నోరు మూతపడుతుంది. రెండు ముక్కల్లో ఇన్ని కేసులు గెలిచిన వకీలు హైకోర్టులో కూడా ఉండడు.

ఈమధ్య మా బంధువుల గృహప్రవేశంలో మీ ప్రతాపం దగ్గరుండి చూశాను. భోజనాలయ్యాక షామియానా కింద కుర్చీలు గుండ్రంగా లాక్కుని కూర్చున్నాం. మా బాబాయి జేబులోంచి సిగరెట్ ప్యాకెట్ తీశాడు. 2016 నుంచి మన దేశంలో ప్యాకెట్ మీద 85 శాతం హెచ్చరికే ఉంటోంది కదా, బొమ్మతో సహా. బాబాయి ప్యాకెట్ పట్టుకునే తీరు చూడాలి. బొటనవేలు సరిగ్గా ఆ పుండుపడ్డ గొంతు మీదకే వస్తుంది. చూడకూడదనుకున్నదాన్ని కప్పేసే విద్య ఆ వేలికి ఎవరూ నేర్పలేదు.

నర్సింగ్ చదువుతున్న మా పెదనాన్న కూతురు ఉండబట్టలేక, "బాబాయ్, ఇంక మానెయ్యకూడదూ?" అంది.

"తాతయ్య సంగతి మర్చిపోయావా? తొంభై ఏళ్లు!" అన్నాడు బాబాయి. మీ ప్రవేశం అక్కడ.

"ఒక్కళ్లని చూసి ఎలా చెబుతాం బాబాయ్?"

"నిన్నగాక మొన్న పుట్టావు, నువ్వా నాకు చెప్పేది?"

మాట సంగతి వదిలేసి మాట్లాడిన మనిషి వయసు మీద పడ్డాడన్నమాట. అది పారకపోయేసరికి డాక్టర్లు దొరికారు.

"డాక్టర్లు మాత్రం తాగట్లేదా? ఒకాయనకి ఆసుపత్రి గేటు బయట నేనే అగ్గిపెట్టె ఇచ్చాను."

డాక్టరు కాల్చినంత మాత్రాన పొగ మందైపోదని చెల్లెలు చెప్పబోయేలోపే ఇంకోటి వచ్చింది. "మన పక్కింటి మాస్టారు బీడీ ముట్టి ఎరగడు. క్యాన్సర్‌తో పోయాడు. దానికేమంటావ్?" ఆ వెంటనే, "ముందు ఈ బైపాస్ మీద లారీల పొగ ఆపమను, తర్వాత నాకు చెబుదువుగాని." ఆ తర్వాత, "అయితే ఇంక తిండి కూడా మానేసి కూర్చోమంటావా?" చివరగా బ్రహ్మాస్త్రం: "ఎప్పుడు రాసిపెట్టుంటే అప్పుడు పోతాం."

గౌతమ మహర్షి న్యాయశాస్త్రంలో, అంటే తర్కశాస్త్రంలో, చర్చలు మూడు రకాలు. నిజం తేల్చుకోడానికి చేసేది వాదం, ఎలాగైనా గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడిని పడగొట్టడానికే చేసేది వితండ. మా బాబాయి ఒక్క తాంబూలం నమిలేంత సేపట్లో రెండోదాన్నీ మూడోదాన్నీ చుట్టబెట్టేశాడు. మొదటిదాని గడప తొక్కలేదు. చెల్లెలు మాట్లాడకుండా లేచి వెళ్లిపోయింది. బాబాయి గెలిచానన్న హుషారులో కిళ్లీ కోసం బయల్దేరి, బైపాస్ దాటే ముందు రెండు లారీలు వెళ్లేదాకా ఆగాడు. రాసిపెట్టింది లారీలకి వర్తించదు కాబోలు.

ఇంతకీ మా బాబాయికి ఆలోచించడం రాదనుకునేరు. పొలంలో బోరు వేయించేటప్పుడు ఆయన్ని చూడాలి. "మా చేలో నూట యాభై అడుగులకే నీళ్లు పడ్డాయి" అని ఒకాయన ఊరించాడు. బాబాయి నమ్మలేదు. ఆ చుట్టుపక్కల ఎన్ని బోర్లు వేశారు, వాటిలో ఎన్ని ఎండిపోయాయి, ఎవరికెంత నష్టం అని చేనుచేనుకీ తిరిగి వాకబు చేశాడు. "నీళ్లు పడ్డవాడే ఊరంతా చెప్పుకుంటాడు, పడనివాడు నోరుమూసుకుని అప్పు తీర్చుకుంటాడు" అన్నాడు నాతో.

అయ్యా చుట్టగారూ, మీ గుట్టంతా ఆ ముక్కలోనే ఉంది. మా తాతగారి తరంలో మా ఊళ్లో చుట్ట కాల్చని మగాడు అరుదు. అంతమందిలో కొందరు తొంభై దాటడం వింతేమీ కాదు. పొగతాగిన ప్రతివాడూ యాభైకే పోతాడని ఏ డాక్టరూ అనలేదు. కాకపోతే తొంభై దాటిన తాతకి మునిమనవలుంటారు, ఆయన కథలు చెప్పుకునేవాళ్లుంటారు, హాల్లో దండేసిన పెద్ద ఫోటో ఉంటుంది. నలభై ఎనిమిదికే దగ్గి దగ్గి పోయిన తాతని మనవలు చూడనే లేదు. "మా తాత చుట్ట కాల్చేవాడు, నేను పుట్టకముందే పోయాడు" అని షామియానా కింద ఎవరూ మీసం మెలేయరు. పైగా అలా పోయినవాళ్లని ఉబ్బసం అన్నారు, గుండె ఆగిందన్నారు, నూకలు చెల్లాయన్నారు. మీ పేరు మాత్రం బయటికి రానివ్వలేదు.

మీ పేరు బయటికి రావాలంటే గుర్తున్నవాళ్లని కాదు, అందరినీ లెక్కపెట్టాలి. శ్రీకాకుళం వైపు మిమ్మల్ని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటుంది, అడ్డపొగ అంటారు. ఆడవాళ్లలోనే ఎక్కువ. అడ్డపొగ తాగుతూ పండు ముసలైన అవ్వలు ఆ ఊళ్లలోనూ ఉండే ఉంటారు, వాళ్లని చూపించి డాక్టర్ల నోళ్లు మూయించిన మనవలూ ఉండే ఉంటారు. కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సర్‌కీ ఈ అలవాటుకీ ఉన్న లంకె గురించి మన వైద్యులు 1957లోనే రాశారు. తర్వాత ముంబై, కోపెన్‌హాగెన్ పరిశోధకులు కలిసి పల్లెలు తిరిగి 10,169 మందిని నోరు తెరవమని అంగిళ్లు పరీక్షించారు. 1971లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. ఒక్క అవ్వ కథ చెప్పడానికి అరనిమిషం చాలు. పదివేల నోళ్లు చూడాలంటే ఎండలో ఊరూరా తిరగాలి. మీ పని ఎప్పుడూ సులువే.

చదువుకున్నవాళ్ల దగ్గర మీ ఆటలు సాగవనుకుంటే అదీ భ్రమే. 1950లో లండన్ ఆసుపత్రుల రోగులను పోల్చి చూసి పరిశోధకులు రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ పొగకీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ సంబంధం ఉందన్నారు. 1951 నుంచి బ్రిటన్‌లోని డాక్టర్ల అలవాట్లనే అడిగి రాసుకుని ఏళ్ల తరబడి గమనించారు. దాన్ని కాదన్నది ఎవరో అనామకుడు కాదు, రోనాల్డ్ ఫిషర్. ఇవాళ్టికీ గణాంకశాస్త్రం విద్యార్థులు ఆయన పేరు చెప్పుకోకుండా పరీక్ష రాయలేరు. పొగతాగే బుద్ధీ క్యాన్సరూ రెండూ ఒకే జన్యువు వల్ల వస్తున్నాయేమో అన్నాడు. ఇంకా బయటపడని క్యాన్సరే మనిషి చేత పొగ తాగిస్తోందేమో అని కూడా అన్నాడు. ప్రశ్నగా చూస్తే అందులో తప్పులేదు, అడగాల్సిందే. కానీ ఆయన నోట్లో పైపు ఉండేది, పొగాకు కంపెనీల కమిటీకి ఆయన సలహాదారు కూడా. ఇష్టంలేని సాక్ష్యానికి నూరు వంకలు పెట్టాలంటే తెలివి కావాలి. ఆయనకి అది దండిగా ఉంది. అందుకే మా బాబాయివి ఆరేడు వంకలతో ఆగాయి, ఫిషర్‌వి ఏళ్ల తరబడి నడిచాయి.

మన తర్కానికి మీ పొగ కొత్తేమీ కాదు. కొండ మీద పొగ కనిపిస్తోంది కాబట్టి అక్కడ నిప్పుందనడం అందులో మొదటి పాఠం. దాన్ని తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉందంటే మాత్రం ఒప్పుకోరు. ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగేదీ? పొగ రావాలంటే నిప్పుకి పచ్చికట్టె తోడవ్వాలని అన్నంభట్టు తర్కసంగ్రహంలో రాశాడు. పైకి కనపడకుండా అసలు పని నడిపించే ఆ షరతుని ఉపాధి అన్నారు. మరి మా తాతగారి తొంభై ఏళ్లలో పచ్చికట్టె ఏది? ఆయన తెల్లవారుజామున లేచి చేనుగట్ల వెంట నడిచేవారు. పొద్దున గంటెడు అంబలి, రాత్రి ఎనిమిదికల్లా పడక. ఆయన తండ్రి కూడా తొంభై దగ్గరపడేదాకా ఉన్నారట, ఆయన మిమ్మల్ని ముట్టుకోనే లేదు. ఇంత ఆస్తి ఉండగా మా బాబాయి వారసత్వంగా మిమ్మల్ని ఒక్కరినే తీసుకున్నాడు. తెల్లవారుజాము లేవడం, గట్లమీద నడక, అంబలి అన్నీ పంపకాల్లో ఎవరి వాటాకీ రాకుండా పోయాయి.

ఇవన్నీ తెలిసినా మీతో తలపడటం కష్టం. ఎందుకంటే మిమ్మల్ని కాదంటే తాతగారిని కాదన్నట్టే వినిపిస్తుంది. అరుగు మీద కూర్చుని పంచె సర్దుకుని, ఆకు చివర పంటితో తుంచి ఉమ్మేసి అగ్గిపుల్ల గీసే ఆ మనిషి బాబాయి కళ్లముందు అలాగే ఉన్నాడు. చెల్లెలి చేతిలో ఉన్నవి అంకెలు. వాటికి మీసాలు లేవు, పంచె లేదు. మీరు ఆ ముసలాయన వెనక దాక్కుని మాట్లాడతారు. అది నాకు నచ్చదు. మా నాన్న మీద ప్రేమ అని బాబాయి సూటిగా అంటే ఎవరూ వాదించరు కదా.

కాబట్టి ఒక మనవి. ఇకమీదట పంచాయితీకి ఒక్కరే రాకండి. ఆ ఊళ్లో ఆ ఏళ్లలో కాలిన చుట్టలన్నిటినీ వెంటబెట్టుకుని రండి. మా ఎదురింటి సైకిల్ షాపు ఆయన చుట్ట, ఆయన అన్నగారి చుట్ట, చెరువుగట్టున గుడిసెలో దగ్గుతూ పడుకున్న ముసలమ్మ చుట్ట, అందరూ రావాలి. వచ్చేటప్పుడు బ్రిటిష్ డాక్టర్ల లెక్క కూడా తోడు తెచ్చుకోండి. యాభై ఏళ్ల లెక్క 2004లో తేలింది. 1900కీ 1930కీ మధ్య పుట్టిన మగవాళ్లలో చివరిదాకా సిగరెట్లు కాల్చినవాళ్లు, అసలు కాల్చనివాళ్లకంటే సగటున పదేళ్లు ముందే పోయారు. అరవైలో మానినవాళ్లకి మూడేళ్లు, యాభైలో మానినవాళ్లకి ఆరేళ్లు, నలభైలో మానినవాళ్లకి తొమ్మిదేళ్లు వెనక్కి వచ్చాయి. మా బాబాయికి మొన్నే యాభై నిండాయి.

ఇట్లు,
తొంభై ఏళ్లు బతికిన తాతగారి మనవడు

తా.క.: డాల్ సిగరెట్లు మానేసి 92 ఏళ్లు, హిల్ 93 ఏళ్లు బతికారు. ఫిషర్ 72కే పోయారు. ముగ్గురిని చూపించి గెలిచామనుకుంటే మేమూ మీ పార్టీలో చేరినట్టే కాబట్టి ఇది సాక్ష్యం కాదని, సరదాకి చెబుతున్నానని ముందే ఒప్పించుకుని బాబాయికి చెప్పాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "ఆ ఫిషర్ కాల్చింది పైపన్నావుగా, చుట్ట కాదుగా!" అన్నాడు.