టీకా వేశాక గుర్రం మెడ వాచిందా? బ్లేడు పక్కన పెట్టండి

బెంగళూరు చుట్టుపక్కల లాయాల్లో పనిచేసే మన తెలుగు సైసుల ఫోన్లలో టీకాల వేళకు ఒక వాట్సాప్ సందేశం తిరుగుతుంటుంది. సారం ఇది: “టీకా వేసినచోట వాచిందంటే మందు విషమించినట్టే. కాపడం పెట్టి నూనెతో గట్టిగా రుద్దండి. అక్కడే యాంటీబయాటిక్ సూది వేయించండి. మెత్తబడితే కోసి చీము తీయండి. ఇక టీకాలు మానెయ్యండి.”

మందు విషమించడం కాదు. ఒంటిని రెచ్చగొట్టి రక్షణ పుట్టించడానికే టీకాలో అడ్జువెంట్ అనే పదార్థం కలుపుతారు. మర్నాటికి కాస్త వాపు, కొద్దిపాటి జ్వరం, మెడ బిగుసుకోవడం మామూలే, రెండు మూడు రోజుల్లో దిగుతాయి. “మేత ముట్టడం లేదు సార్” అని కంగారు పడేది చాలావరకు ఇందుకే: మెడ వంగక నేలమీది గడ్డి, కింద పెట్టిన బకెట్టు దానికి అందవు. రెండూ ఛాతీ ఎత్తుకు కట్టి చూడండి.

కాపడం మొదటిరోజు వద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట చొప్పున రోజుకు రెండు మూడుసార్లు పెట్టండి. రెండోరోజు నుంచి గోరువెచ్చని గుడ్డ వేయొచ్చు. టర్పెంటైన్ కలిసిన నూనె రాసి పైన కట్టు కడితే చర్మం పొక్కుతుంది. స్వారీ, లాంజింగ్ (పొడవాటి తాడు పట్టి గుండ్రంగా తిప్పడం) ఒకటి రెండు రోజులు ఆపి, చేత్తో పట్టుకుని నెమ్మదిగా నడిపించండి.

అసలు ప్రమాదం యాంటీబయాటిక్ సూది సలహాలో ఉంది. క్రిమి లేనిచోట యాంటీబయాటిక్ చేసేదేమీ లేదు, వాచిన కండలో ఇంకో గాయం తప్ప. అదే చేత్తో నొప్పి సూదీ పొడిచేవాళ్ళున్నారు. ఫ్లునిక్సిన్ అనే నొప్పి మందును కండలోకి వేశాక క్లాస్ట్రీడియం క్రిములు రేగి కండ కుళ్ళిన కేసులు పశువైద్యులకు బాగా తెలుసు. ఇంకో నొప్పి మందు ఫినైల్‌బ్యూటాజోన్ అయితే కండలోకి వెయ్యనే కూడదు, అక్కడి కండ చచ్చిపోతుంది. నొప్పి మందు అవసరమైతే డాక్టరుగారు బరువు చూసి నోటి ద్వారా ఇస్తారు. రేసు గుర్రమైతే పరుగుకు ఎన్ని రోజుల ముందు ఆపాలో అప్పుడే అడగాలి.

కోయడం గురించి: తొలి రోజుల్లో మెత్తగా తగిలేది ఎక్కువగా నీరే, అది ఛాతీవైపు జారుతుంది కూడా. చీముగడ్డ తయారవడానికి రోజులు పడుతుంది. తగ్గిన వాపు వారానికి మళ్ళీ వేడెక్కి, ముట్టుకోనివ్వకపోతే అప్పుడు అనుమానించాలి. దాన్ని తెరవాల్సిందే, నిజమే, కానీ డాక్టరే అన్నిటికన్నా కిందిచోట తెరవాలి. పిరుదుపై వేసిన సూదికి చీము పడితే కారే దారి ఉండదు, అందుకే అక్కడ వేయొద్దంటారు.

ఆగకూడని సందర్భం వేరే. ఒకటి రెండు రోజుల్లోనే వాపు గంటగంటకూ పాకుతూ, నొక్కితే మరమరాలు నలిగినట్టు చిటపటమంటే, జ్వరం 39.5 డిగ్రీల సెల్సియస్ దాటి గుర్రం డీలాపడితే అర్ధరాత్రైనా డాక్టరును పిలవండి. మామూలు వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీలు, థర్మామీటరు లేని లాయం ఉండకూడదు. సూది వేసిన అరగంటలోపే దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా అది అలర్జీ. అందుకే డాక్టరును వెంటనే పంపెయ్యకండి.

వాపు ఎక్కువవడానికి తరచు కారణం సూది పడిన చోటే. జూలు కింది గట్టి పట్టీకి దిగువన, మెడ ఎముకలకు పైన, భుజానికి ముందు ఉన్న త్రికోణంలో పడాలి. సూది ఒకటిన్నర అంగుళం, గుర్రానికొకటి కొత్తది.

టీకాలు మానెయ్యాలట! డెక్కలో మేకు గుచ్చుకుంటే చాలు, ధనుర్వాతానికి గుర్రమంత తేలిగ్గా లొంగే జంతువు అరుదు. 2008లో జమ్మూ దగ్గరి కాట్రాలో మొదలైన గుర్రాల ఫ్లూ దేశంలో ఎన్ని రాష్ట్రాలకు పాకిందో రేసు లాయాలవాళ్ళకు గుర్తుండాలి. నిరుడు బాగా వాచిన గుర్రానికి ఈసారి మెడ రెండోవైపు, ఒక విడతకు ఒకే టీకా, వీలైతే వేరే కంపెనీది వేయమని డాక్టరుగారిని అడగండి. పొట్టి గుర్రమనో, వాస్తుందనో సగం డోసు వేయించకండి. తేదీ, టీకా పేరు, బ్యాచ్ నంబరు, ఏ పక్క వేశారో లాయం పుస్తకంలో రాయించుకోండి.