దేశం ఖర్చు, ఇంటి ఖర్చు ఒకటి కాదు

బడ్జెట్ రోజు వచ్చిందంటే చాలు, అదే మాట మళ్లీ వినాలి. "ఇంట్లో మనం రాబడి చూసుకునే కదా ఖర్చు పెడతాం, ప్రభుత్వానికి ఆ మాత్రం తెలియదా?" అని. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలన్నది ఇంటికి మంచి మాటే. దాన్ని తీసుకెళ్లి దేశానికి అంటగడితే మాత్రం నాకు కోపమొస్తుంది, బాధా వేస్తుంది. ఆ పొరపాటు వల్ల ఉద్యోగాలు పోయి రోడ్డున పడ్డవాళ్లు లక్షల్లో ఉన్నారు.

మన ఇంట్లో ఖర్చు తగ్గించుకుంటే మన జీతం తగ్గదు. దేశంలో అలా కాదు, ఒకరి ఖర్చే ఇంకొకరి ఆదాయం. జనం భయపడి చేతులు ముడుచుకున్న సమయంలో ప్రభుత్వమూ ముడుచుకుంటే అమ్మకాలు పడిపోతాయి, పనులు పోతాయి, చివరికి పన్నుల రాబడీ పడిపోతుంది.

1937లో అమెరికాలో జరిగింది ఇదే. పనులు, వ్యాపారాలు కుప్పకూలిన 1930ల మహా మాంద్యం నుంచి తేరుకుంటున్నాం, ఇక గండం గడిచిందనుకుని రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఖర్చులు కోసింది. ముసలితనంలో పెన్షన్ కోసం జీతాల మీద వేసే సోషల్ సెక్యూరిటీ పన్ను వసూలూ ఆ ఏడాదే మొదలైంది. మరోవైపు అక్కడి కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్, మిగతా బ్యాంకులు విడిగా ఉంచాల్సిన నిల్వలను 1936-37లో విడతలవారీగా రెట్టింపు చేసింది. వీటిలో ఏది ఎక్కువ దెబ్బ కొట్టిందన్న వాదన ఇంకా తెగలేదు. నిరుద్యోగం మాత్రం 14 శాతం దగ్గర్నుంచి 19 శాతానికి ఎగబాకింది.

అసలు డబ్బు ఎక్కడ పుడుతుందో తెలిస్తే ఈ ఇంటి పోలిక నిలవదు. ఇల్లు డబ్బు సంపాదించుకోవాల్సిందే, పుట్టించడం దానికి చేతకాదు. ఎవరో దాచుకున్న డబ్బే బ్యాంకు తీసి మనకు అప్పిస్తుందని చాలామంది నమ్మకం. లోన్ శాంక్షన్ అయిన క్షణంలో బ్యాంకు పద్దుల్లోకి తొంగిచూడండి. ఒకవైపు మీరు తీర్చాల్సిన బాకీ, ఇంకోవైపు మీ ఖాతాలో జమ. రెండూ ఒక్కసారే పుడతాయి. వేరే ఎవరి ఖాతాలోనూ ఏమీ తగ్గదు. మీరు అప్పు అసలు తీర్చేకొద్దీ ఆ డబ్బు పద్దుల్లోంచి చెరిగిపోతుంది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2014లో తన పత్రికలో ఈ విషయాన్ని విడమర్చి రాసింది. కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు పెంచేది కూడా ఇందుకే. అప్పు భారమైతే కొత్త అప్పులు తగ్గుతాయి, కొత్త డబ్బు పుట్టడమూ తగ్గుతుంది.

అయితే ఎంతైనా ఖర్చు పెట్టొచ్చా? పెట్టకూడదు. కొనడానికి సరుకు, చేయడానికి మనుషులు ఉన్నంతవరకే. అది దాటితే ధరలకు రెక్కలొస్తాయి. జింబాబ్వేలో ముందు పొలాల్లో పంట కుప్పకూలింది, దాని మీద నోట్ల ముద్రణ తోడైంది. 2009 నాటికి కోటి కోట్ల జింబాబ్వే డాలర్ల నోటు అచ్చేయాల్సి వచ్చింది.

ఇంకో తేడా, అప్పు ఎవరి కరెన్సీలో ఉందన్నది. జపాన్ ప్రభుత్వ అప్పు జీడీపీకి, అంటే దేశం ఏడాదిలో ఉత్పత్తి చేసే మొత్తం విలువకి, రెట్టింపు దాటింది, అయినా అది యెన్‌లలోనే ఉంది, యెన్ వాళ్లదే. గ్రీస్ చేతిలో సొంత కరెన్సీ లేదు, యూరోను తన ఇష్టానికి ముద్రించుకునే వీలు దానికి లేదు. అందుకే 2010 నుంచి అప్పిచ్చినవాళ్లు చెప్పినట్టల్లా జీతాలు, పెన్షన్లు కోసుకుంటూ పోయింది. 2013కల్లా ఉద్యోగం కోసం తిరుగుతున్న 25 ఏళ్లలోపు వాళ్లలో సగానికి పైగా మందికి పని లేదు. 2012లో అప్పులో కొంత మాఫీ చేశారు కూడా. అయినా 2014లో లెక్క చూస్తే, జీడీపీతో పోల్చినప్పుడు గ్రీస్ అప్పు కోతలు మొదలుపెట్టిన నాటికంటే ఎక్కువగానే ఉంది.