దానమిచ్చే బిడ్డకు డాక్టరెవరు?

ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుజబ్బు తలసీమియా. ఆ పిల్లలున్న ఇళ్లలో ‘మ్యాచ్ అయింది’ అన్న మాట పండగ కబురు. తోబుట్టువుతో హెచ్‌ఎల్‌ఏ (మార్పిడికి సరిపోలాల్సిన కణాల గుర్తులు) పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే మరి. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే అక్కకు, జబ్బు నయం చేసే మార్పిడి కోసం ఐదేళ్ల తమ్ముడి ఎముక మూలుగ సరిపోయిందంటే ఇంకెవరికీ వేరే ఆలోచన రాదు. ఆ సంతోషాన్ని తప్పుపట్టలేం. కానీ ఆస్పత్రిలో చేరేది ఇద్దరు పిల్లలు. అందులో ఒకరికి ఏ జబ్బూ లేదు.

వైద్యపరంగా భయపడాల్సింది తక్కువే. పూర్తి మత్తు ఇచ్చి, నడుము వెనుక తుంటి ఎముకలోంచి సూదితో మూలుగ లాగుతారు. పెద్ద కోత ఉండదు. కొన్ని రోజులు నొప్పి, కాస్త రక్తహీనత. తీసిన మూలుగ కొన్ని వారాల్లో మళ్లీ ఊరుతుంది.

లెక్క బిగుసుకునేది ఒళ్లు చిన్నదైనప్పుడే. దాత బరువులో కిలోకు 20 మిల్లీలీటర్లు దాటకూడదన్నది వైద్యులు పాటించే హద్దు. పది కిలోల పిల్లకు అది 200 మిల్లీలీటర్లు. ఒంట్లో ఉన్న రక్తమే సుమారు 750. అహ్మదాబాద్‌లో అన్న కోసం ఐవీఎఫ్‌తో ఎంచి కన్న పాప నుంచి 2020లో మూలుగ తీసే ముందు, ఆమె బరువు 10-12 కిలోలకు చేరేదాకా ఆగింది అందుకే. యూరప్‌లో 18 ఏళ్లలోపు దాతలు 453 మందిని గమనించిన 2012 నాటి అధ్యయనం కూడా అదే చెప్పింది: నాలుగేళ్లలోపు వాళ్లకు, 20 మిల్లీలీటర్ల హద్దు దాటినప్పుడు పరాయి రక్తం ఎక్కించాల్సిన అవసరం పెరుగుతుంది.

‘ఆపరేషన్ ఏమీ లేదు, మెషీన్‌తో రక్తంలోంచే మూలకణాలు తీస్తాం’ అంటే అమ్మానాన్నల టెన్షన్ సగం తగ్గుతుంది. పెద్దవాళ్ల విషయంలో అది సబబే. చిన్నపిల్లల దగ్గర మాత్రం నాకు ఆ మాట నచ్చదు. మూలకణాలను రక్తంలోకి రప్పించే జీసీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లు నాలుగైదు రోజులు, చేతి నరాలు సన్నగా ఉంటే మెడలోనో గజ్జల్లోనో పెద్ద గొట్టం, మరీ చిన్నవాళ్లయితే మెషీన్ గొట్టాలు నింపడానికి వేరొకరి రక్తం. పైన చెప్పిన అధ్యయనంలో గొట్టం వేసేటప్పుడు ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన ఘటన కూడా ఉంది. తలసీమియాకు ఎలాగూ మూలుగే మేలు, దాత కణాలు రోగి ఒంటి మీదే దాడి చేసే జీవీహెచ్‌డీ బెడద తక్కువ.

అసలు చిక్కు సంతకం దగ్గర. ప్రాణం నిలబడాల్సిన బిడ్డకూ, ఇవ్వాల్సిన బిడ్డకూ సంతకం పెట్టేది ఆ అమ్మానాన్నలే. ఇద్దరినీ చూసేది తరచూ ఒకే డాక్టరు. అందుకే దాత తరఫున మాట్లాడేందుకు చికిత్స బృందంతో సంబంధం లేని మనిషి ఉండాలనీ, వయసుకు తగ్గట్టు చెప్పి పిల్లల సమ్మతి తీసుకోవాలనీ అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2010లోనే చెప్పింది. మన దగ్గర కోల్ ఇండియా 2017 నుంచి తలసీమియా పిల్లల మూలుగ మార్పిడికి పది లక్షల దాకా సాయం చేస్తోంది. అంత ఖర్చులో దాత కోసం విడిగా ఒక పిల్లల డాక్టరును పెట్టడం పెద్ద భారమేమీ కాదు.

మార్పిడి అయ్యాక అమ్మ వారాల తరబడి అక్క గది దగ్గరే ఉండాలి. తమ్ముడు ఒకటి రెండు రోజుల్లో డిశ్చార్జై అమ్మమ్మగారింటికి వెళ్తాడు. అతనికి మళ్లీ హిమోగ్లోబిన్ పరీక్ష ఎప్పుడో రాసి ఉంటే, అది అక్క ఫైల్లోనే ఉంటుంది.