ఇరవై నాలుగో వంతు వైభవం

కారు అనేది ప్రయాణ సాధనమన్న అపోహ గోదావరి డెల్టాలో ఇంకా కొందరికి ఉంది. ఇక్కడ కారు చేసే అసలు పని ఇంటి ముందు కనపడటం. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి అల్లుడుగారు ఏడుగురు పట్టే బండేసుకుని వస్తారు. వీధి మలుపులో అది తిరగదు. కాలవ గట్టు మీద ఆపితే వెనక కొబ్బరికాయల ట్రాక్టర్ హారన్ కొడుతుంది. చివరికి ఎవరి కళ్లంలోనో నిలబెట్టి, పైన కొబ్బరిచెట్టు లేదని రెండుసార్లు చూసుకుని, పండగ మూడు రోజులూ బావమరిది మోటార్‌సైకిల్ మీద తిరిగి వెళ్లిపోతారు. ఇందులో ఎవరికీ నష్టం లేదు. అల్లుడుగారి కారు ఎంత పొడుగో ఊరంతా చూసేసింది.

చూపించడానికే అయితే అంత పొడుగు దేనికని అడిగే ధైర్యం మన సమాజంలో ఒక్క వర్గానికే ఉంది. గది తలుపేసుకుని, మెడ దగ్గర టేబుల్ లైటు పెట్టుకుని, పట్టకారుతో సైడ్ మిర్రర్ అతికించే మోడల్ కార్ల వాళ్లు. వీళ్లని మనం పిచ్చివాళ్ల కింద జమ కట్టాం. పొరపాటు మనదే.

లెక్క చూడండి. అంబాసిడర్ పొడవు సుమారు 4.3 మీటర్లు. 1:24 కొలతలో చేస్తే 18 సెంటీమీటర్లు, అంటే టీవీ పక్కన పడుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఇరవై నాలుగో వంతుకి దిగుతాయి కాబట్టి బరువు 13,824 రెట్లు తగ్గి, పదకొండు వందల కిలోల బండి 80 గ్రాములకి రావాలి. పెట్రోలు ఖర్చు పూర్తిగా పోతుంది. ఇన్సూరెన్స్ లేదు, పొల్యూషన్ సర్టిఫికెట్ లేదు, తాగి ముట్టుకున్నా ఎవరూ ఆపరు. తగ్గనిది ధరొక్కటే. జపాన్ టామియా కంపెనీ కిట్ ఒకటి, అంటే అతికించుకోవాల్సిన కారు ముక్కల డబ్బా, దానికి సరిపడా రంగులు, రంగు చిమ్మే ఎయిర్ బ్రష్, చిన్న కంప్రెసర్ అన్నీ కలిపి కొన్నాక బిల్లుని ఇంట్లో చూపించే మొగాడు ఈ రెండు గోదావరుల మధ్య పుట్టలేదు. అయితే పుస్తెలమ్మైనా పులస తినాలని చెప్పుకునే గడ్డ మీద నిలబడి ఖర్చు గురించి మాట్లాడటం మర్యాద కాదు. పులస పూటకి అయిపోతుంది. కారు అలాగే ఉంటుంది, దుమ్ము పడితే తుడుచుకోవడమే.

"ఉద్యోగం చేసుకునేవాడివి, ఇంకా బొమ్మలేంట్రా?" అని మందలించే బాబాయిగారు ప్రతి ఇంటికీ ఒకరు ఉంటారు. ఈ బాబాయిగారు ఏడాది పొడుగునా ఒక కోడిపుంజుకి బాదంపప్పు, మటన్ ఖైమా తినిపిస్తారు, చెరువులో ఈత కొట్టిస్తారు, ఒళ్లు కాపడం పెడతారు. తన ఒంటికి ఆ సేవలో సగం చేసుకుని ఉంటే షుగర్ మాత్ర ఒకటి తగ్గేది. భోగి నాడు బరిలో ఆ పుంజు అయిదు నిమిషాల్లో కూరలోకి వెళ్తుంది. అది పెద్దమనుషుల వ్యవహారం. ప్లాస్టిక్ డోరుకి హ్యాండిల్ పెట్టుకోవడం మాత్రం చిన్నపిల్లల చేష్ట.

అసలు ఈ పనికి డెల్టా అనువైన చోటేనా అన్నది నిపుణులు తేల్చాల్సిన విషయం. నిపుణులు దొరకలేదు కాబట్టి మేమే తేలుస్తున్నాం. రంగు దగ్గర మాత్రం ప్రకృతి మనమీద పగబట్టింది. స్ప్రే చేసిన లాకర్ రంగులోంచి థిన్నర్ ఆవిరైపోతూ ఆ చోటుని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే అది అక్కడే నీరై రంగులో ఇరుక్కుంటుంది. నిగనిగలాడే నల్ల రంగు కాస్సేపట్లో తెల్లగా పాలిపోతుంది. గాలిలో తేమ లేని రోజంటూ కోనసీమలో ఉందా? గృహప్రవేశానికి, బోరు తవ్వకానికి, గేదెని తోలుకురావడానికి కూడా ముహూర్తం పెట్టే సిద్ధాంతిగారు ప్రైమర్ కొట్టడానికి పెట్టమంటే పంచాంగం మూసేస్తున్నారు.

ఇందులో ఆషాఢమాసం చేసే అన్యాయం ప్రత్యేకంగా చెప్పాలి. కొత్తగా పెళ్లయినవాడికి ఆ నెల వరం. ఆవిడ పుట్టింట్లో ఉంటుంది. డైనింగ్ టేబుల్ ఖాళీ. థిన్నర్ వాసనకి ముక్కు మూసుకునే వాళ్లు లేరు. కానీ బయట వాన, కాలవలు నిండుగా పారుతుంటాయి, గోడలు చెమ్మ, కొట్టిన ప్రతి కోటూ తెల్లబడుతుంది. శ్రావణంలో వాన కాస్త తెరిపిచ్చేసరికి ఆవిడ తిరిగొచ్చి టేబుల్ మీద వరలక్ష్మీ వ్రతం సామాను పెడుతుంది. మన కాలెండర్ రాసినవాళ్లకి మోడల్ కార్ల మీద సదభిప్రాయం లేదని దీన్నిబట్టే తెలుస్తోంది.

రంగు వేసే పద్ధతి విషయంలో మాత్రం ప్రపంచం మన దగ్గరికి రావలసిందే. కోటు మందంగా పడితే డోరు గీతలు పూడిపోతాయి. అసలు కారు మీద రంగు మందం మిల్లీమీటరులో పదో వంతు. దాన్ని మళ్లీ 24తో భాగించండి. అందుకే పల్చగా, ఒకదాని మీద ఒకటి, ఆత్రేయపురం ఆడవాళ్లు వేడి కుండ మీద బియ్యప్పిండి నీళ్ల గుడ్డ తిప్పి పూతరేకు తీసినట్టు వేయాలి. ఆ పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇదే ఊపులో మన ఒండ్రుకి కూడా ఇప్పించాలని మా డిమాండ్.

ఎందుకంటే ఈ హాబీలో ఒక వింత ఘట్టముంది. వారాల తరబడి కొత్త కారులా మెరిపించాక కొందరు దాన్ని పాతది చేస్తారు. తలుపుల అంచున తుప్పు, చక్రాల చుట్టూ బురద, సైలెన్సర్ మీద మసి. పై దేశాల్లో తుప్పు పొడిని చిన్న సీసాల్లో అమ్ముతారు, మనవాళ్లు కస్టమ్స్ కట్టి మరీ తెప్పించుకుంటున్నారు. ఓడలరేవు సముద్రపు గాలికి ఒక మేకుని నెల రోజులు ఆరుబయట వదిలితే ఎంత తుప్పు కావాలంటే అంత రాలుతుంది. బురద సంగతి సరేసరి. ఇసక రేణువు ఒక మిల్లీమీటరుంటే 1:24 కారు పక్కన అది అంగుళం రాయి అవుతుంది. కాబట్టి బురద మెత్తగా ఉండాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర మనకి వరి ఇచ్చాడని ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం. ఆ కాలవల్లో పేరుకున్న ఒండ్రుని ఎండబెట్టి, పాత చీర ముక్కలో జల్లిస్తే టాల్కం పౌడర్ అంత నున్నగా వచ్చే ప్రపంచ స్థాయి బురద గురించి ఒక్క శిలాఫలకం మీదా రాయలేదు.

రోడ్డు కూడా చేస్తారు కొందరు. కారు ఒక్కటే ఉంటే వెలితని, కింద చెక్క ముక్క మీద మన రోడ్డు, పక్కన కొబ్బరి పీచుతో గడ్డి. అడుగు లోతు గొయ్యి ఆ కొలతలో అర అంగుళం. అది పెట్టకపోతే చూసినవాళ్లు ఇది మన ఊరు కాదని పట్టేస్తారు. నాకు తెలిసిన ఒకాయన అలాంటి గొయ్యి ఒకటి ఎక్కువైందని పుట్టీతో పూడ్చాడు. పుట్టీ ఆరేకొద్దీ కుంగుతుంది కాబట్టి మర్నాడు మళ్లీ పెట్టి, నీళ్లలో తడిపిన వెయ్యి నంబరు ఎమరీ కాగితంతో రుద్ది, వేలితో తడిమి చూసి, నచ్చక మళ్లీ రుద్దాడు. పూడ్చిన గొయ్యిని మర్నాడు వచ్చి చూసే మనిషి మండలంలో ఇంకొకడు ఉంటే చెప్పండి.

పాత లోహపు బొమ్మకార్లని బాగుచేసేవాళ్ల దారి వేరు. లివర్‌పూల్‌లో మెకానో కంపెనీ 1934 నుంచి డింకీ టాయ్స్ పేరుతో అమ్మింది, మ్యాచ్‌బాక్స్ 1953లో వచ్చింది. డింకీ అచ్చులు కొన్ని తర్వాత కలకత్తా చేరి నిక్కీ టాయ్స్ అయ్యాయి. అటక మీద ఇత్తడి గంగాళంలో అలాంటిదొకటి బయటపడితే ఆ ఇంట్లో ఇక వారం దాకా వేరే మాట ఉండదు. అడుగు రేకుని పట్టుకున్న రివెట్టు తలని సన్నటి డ్రిల్ బిట్‌తో నెమ్మదిగా అరగదీయాలి. పాత రంగు తీయడానికి కాస్టిక్ సోడా వాడమని పక్కింటాయన సలహా ఇస్తాడు. వినకూడదు. సోడా రంగుని తిని, ఆకలి తీరక కారు పోతపోసిన జింకుని కూడా తింటుంది. ఇక జింకులో సీసం కల్తీ ఉందంటే మందు లేదు. లోపల్నుంచి బీటలు వారి, ఉబ్బి, ముట్టుకుంటే పొడైపోతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చేసిన డింకీలు చాలా ఇలాగే పోయాయి. కల్తీకి మనం ఒక్కళ్లమే వారసులం కాదని తెలిసి కాస్త ఊరట కలిగింది.

వీళ్లలోనూ శాఖాభేదాలున్నాయి. 1:24 వాళ్లకి, అమెరికా కిట్ల 1:25 వాళ్లకి పడదు. ఒకే కారు పక్కపక్కన పెడితే తేడా అంగుళంలో మూడో వంతు కూడా ఉండదు. అయినా ఒకరి టైరు ఇంకొకరు వాడరు. నంబరు ప్లేటు దగ్గర తూర్పు, పశ్చిమ గొడవ మామూలే. 2019లో జిల్లాల నంబర్లు పోయి రాష్ట్రమంతా ఏపీ 39తో ఒకటే వరస మొదలయ్యాక, ఏపీ 5 అని, ఏపీ 37 అని కొత్తగా అతికించుకునే హక్కు మోడల్ కార్లకే మిగిలింది. ఆ గోరంత స్టిక్కర్‌ని నీళ్లలో నానబెట్టి బంపరు మీదకి జార్చేటప్పుడు చూడాలి, మనిషి ఊపిరి కూడా తీయడు.

మొన్న మా వీధి చివరి పెద్దాయన తెల్ల అంబాసిడర్ మోడల్ చూడ్డానికి వచ్చారు. గోదావరి మీద ఎదుర్లంక వంతెన, చించినాడ వంతెన లేని రోజుల్లో కారుని పంటు అనే పెద్ద పడవ మీద దాటించిన కుటుంబం వాళ్లది. కళ్లజోడు పైకి జరిపి చాలాసేపు చూశారు.

"పంటెక్కాక హ్యాండ్‌బ్రేకు వేసి చక్రాల కింద రాళ్లు పెట్టేవాళ్లం బాబూ. రాళ్లేవండీ ఇక్కడ?"

పెడతానన్నాను.

"మా షెడ్డులో పెద్దదుంది. 2014లో కంపెనీ వాళ్లే చెయ్యడం మానేశారంట కదా, మనం తోలేదేంటి. అది పట్టుకుపోండి, ఇదిచ్చెయ్యండి."

నేను ఆలోచిస్తున్నానని అర్థమై ఆయన ఇంకో మాట వదిలారు. వెనక సీట్లో నాలుగు పెట్టలు పొదుగుతున్నాయట. పిల్లలు దిగేదాకా బండి కదపడానికి వీల్లేదు, ఈలోగా పెట్టే గుడ్లు ఆయనవే. ఎంత బతిమాలినా గుడ్ల దగ్గర మాత్రం దిగిరాలేదు.