మీసం మీద పుప్పొడి

బోన్సాయ్ ప్రదర్శన నుంచి నిన్ననే మా మందారాన్ని వెనక్కి తెచ్చుకున్నాను. ఆ మంట ఇంకా చల్లారలేదు కాబట్టి కాస్త ఘాటుగా రాస్తే సర్దుకోండి.

పూల విభాగానికి వాళ్లు పెట్టిన షరతులు రెండే. చెట్టుని ముందురోజు సాయంత్రమే హాల్లో అప్పజెప్పాలి. న్యాయనిర్ణేత వచ్చేసరికి పువ్వు విచ్చుకుని ఉండాలి. ఈ కాగితం రాసిన మహానుభావుడు జన్మలో మందారం పెంచి ఉండడు. పొద్దున విచ్చిన మామూలు మందారం సాయంత్రానికి ముడుచుకుపోతుంది. పోనీ మొగ్గ మీద అప్పజెబుదామా అంటే, రోజూ 6 గంటలు ఎండ తాగే చెట్టుని తెచ్చి ట్యూబులైటు కింద కూర్చోబెడితే ఉన్న మొగ్గలు కాస్తా రాల్చేస్తుంది. పైగా ఇది పూసేది కొత్త చిగుళ్లకే. ఆకారం కావాలని చిగురు తుంచితే పువ్వుండదు, పువ్వు కావాలని వదిలేస్తే ఆకారముండదు. బోన్సాయ్ అంటేనేమో రోజూ చిగుళ్లు తుంచడం!

ఎలాగోలా ఒక మొగ్గ నిలిచింది. ఆకుల మొదళ్లలో పిండినల్లి చేరితే వేపనూనె కొట్టాను. ఒక కొమ్మకి మాత్రం ఎంతకీ వదల్లేదు. ఆ కొమ్మ గోడవైపు వచ్చేలా ట్రే తిప్పి పెట్టేశాను. బోన్సాయ్‌కి ముందు, వెనక అని ఉంటాయి. వెనక అనేది ఇలాంటి వాటికోసమే కనిపెట్టారని నా నమ్మకం.

పొద్దున వెళ్లి చూస్తే పూసింది. జానెడు చెట్టు మీద అరచెయ్యంత పువ్వు, చంటాడి తలకి తాతగారి తలపాగా చుట్టినట్టు. చిన్న ట్రేలో పెట్టి కత్తిరిస్తూ పోతే ఆకులు చిన్నవవుతాయి గానీ, పువ్వు మాత్రం తన సైజు తగ్గించుకోదు.

న్యాయనిర్ణేత గారు వచ్చారు. కళ్లజోడు పైకి నెట్టారు. వంగారు. వాసన చూశారు.

మందారాన్ని! మామూలు మందారానికి వాసనేమిటండీ? దానికున్న తెలివంతా రెక్కల మధ్య నుంచి బయటికి పొడుచుకొచ్చే ఆ కాడలో ఉంది. చివర ఐదు ఎర్ర బొడిపెలు, వాటి కింద చుట్టూతా పచ్చటి పుప్పొడి. తేనె కోసం తల దూర్చిన పిట్టకి ఆ పుప్పొడి పులిమి పంపడమే దాని ఉద్యోగం. దూరిన తల పిట్టదా, న్యాయనిర్ణేతదా అని అది విచారణ చెయ్యదు.

ఆయన తలెత్తారు. ముక్కు కొసన ఓ పచ్చ బొట్టు, తెల్లటి మీసంలో ఎడమవైపు మాత్రం పసుపు. ఆ మీసంతోటే "నిష్పత్తి" గురించి ఉపన్యాసం మొదలెట్టారు. "ని" అన్నప్పుడు కాస్త రాలింది, "ష్ప" దగ్గర ఇంకాస్త. నాకు నిష్పత్తి వినపడటం మానేసింది. పెద్దమనిషికి చెప్పకపోతే పాపం, చెబితే మార్కులు పోతాయి. మధ్యేమార్గంగా నా ముక్కు మీద వేలు పెట్టుకుని మెల్లగా తుడుచుకున్నాను, ఆయనకి అర్థమవుతుందని.

అర్థమైంది. జేబులోంచి రుమాలు తీసి నాకిచ్చారు.

"ఏమీ అంటలేదండీ నాకు" అంటూనే తుడుచుకున్నాను. ఆయన దగ్గరికొచ్చి పరిశీలనగా చూసి, "ఇంకొంచెం కుడివైపు" అన్నారు. కుడివైపు ఏముందో ఇప్పటికీ నాకు తెలీదు. వెనక నిలబడ్డవాళ్లంతా నా ముక్కునే చూడటం మొదలెట్టారు. ఎవరో ఫోన్ తీసి ఫొటో కూడా కొట్టారు. అందులో మీసానికి పుప్పొడి పూసుకుని గంభీరంగా ఆయన, శుభ్రమైన ముక్కుని పరాయి రుమాలుతో రుద్దుకుంటూ నేను, మా ఇద్దరి మధ్యా పళ్లికిలిస్తున్నట్టు ఆ పువ్వు.

సాయంత్రానికి పువ్వు ముడుచుకుంది, మార్కుల కాగితం విచ్చుకుంది. "చెట్టుకి మించిన పువ్వు. వాసన లేదు. ప్రదర్శకులు శుభ్రత పాటించాలి." వాసన లేనందుకు మార్కులు కొయ్యడం ఏ శాస్త్రంలో ఉందో అడుగుదామని వెళ్లాను. నోరు తెరిచేలోపే ఆయన నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అన్నారు.

"మందారం కొమ్మ గుచ్చితే బతుకుతుందటగా. మా ఇంటికి ఒకటి ఇస్తారా?"

"అయ్యో, దానికేం భాగ్యమండీ" అని కత్తెర తీసి, గోడవైపు కొమ్మ కోసిచ్చాను.