గెలుపు రాత్రి మన లెక్కలు

2008 నవంబరు 4న, అమెరికా తూర్పు తీరంలో రాత్రి పదకొండు గంటలు కాగానే, బరాక్ ఒబామా అమెరికా 44వ అధ్యక్షుడిగా ఎన్నికయ్యారన్న వార్త టీవీ తెరల మీదకు వచ్చింది. అప్పటికి ఇండియాలో ఉదయం తొమ్మిదిన్నర. ఇక్కడ అమెరికాలో మా ఇంట్లో ఫోను మోగడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. తెనాలి నుంచి బాబాయి. "ఏరా, మీ వాడు గెలిచాడటగా! సంతోషం. అది సరే గాని, మన చిన్నవాడి వీసాకు ఇబ్బందేమీ ఉండదు కదా?" అన్నారు. సరిగ్గా ఆ సమయానికి తెర మీద, షికాగో గ్రాంట్ పార్కులో గెలుపు సభకు వచ్చిన జనంలో నిలబడి, నల్లజాతి నాయకుడు జెస్సీ జాక్సన్ కన్నీరు పెట్టుకుంటున్నారు. 1968లో మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగినప్పుడు అక్కడే ఉన్న మనిషి ఆయన. 1984లోనూ 1988లోనూ ఇదే పదవి కోసం పార్టీ అభ్యర్థిత్వానికి పోటీపడి అందుకోలేకపోయిన మనిషి. ఒక చెవిలో వీసా ప్రశ్న, ఎదురుగా ఆ ముఖం. బాబాయికి ఏమి జవాబు చెప్పానో నాకు సరిగా గుర్తు లేదు గాని, ఆ రెంటికీ ఉన్న సంబంధం గురించి మాత్రం ఈ నెల రోజులుగా ఆలోచిస్తూనే ఉన్నాను.

ప్రపంచం ఎలా స్పందించిందో అందరూ చూశారు కనుక దాని గురించి ఎక్కువ చెప్పను. ఒబామా తండ్రి పుట్టిన దేశమైన కెన్యాలో అధ్యక్షుడు మ్వాయి కిబాకి నవంబరు 6ను జాతీయ సెలవు దినంగా ప్రకటించారు. జపాన్‌లో, కేవలం పేరు కలిసినందుకు, ఒబామా అనే చిన్న పట్టణం హూలా నాట్యాలతో పండుగ చేసుకుంది. మండేలా స్వయంగా అభినందన లేఖ రాశారు. 1979 విప్లవం తర్వాత మొదటిసారిగా ఒక ఇరాన్ అధ్యక్షుడు అమెరికా విజేతకు అభినందనలు పంపారు. అందరూ ఒకేలా లేరు: రష్యా అధ్యక్షుడు మెద్వెదేవ్ మర్నాడే కలినిన్‌గ్రాద్‌లో క్షిపణులు మోహరిస్తామని హెచ్చరించారు, ఇటలీ ప్రధాని బెర్లుస్కోని కొత్త అధ్యక్షుడి మేనిఛాయ మీద ఛలోక్తి విసిరి, తప్పేముందని ఎదురు ప్రశ్నించారు.

వీటన్నిటి మధ్య మన దేశపు స్పందన కొంచెం వేరు. ఐరోపా అంతా బుష్ పోతున్నందుకు ఊపిరి పీల్చుకుంటే, ఢిల్లీకి ఆ ఉత్సాహం లేదు. అణు ఒప్పందం కోసం ఎంతో పట్టుదల చూపిన బుష్‌తో, "భారత ప్రజలు మిమ్మల్ని గాఢంగా ప్రేమిస్తున్నారు" అని మన్మోహన్ సింగ్ గారు అని అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. కాశ్మీరు విషయంలో ప్రత్యేక దూతను పంపవచ్చునన్నట్టు ఒబామా ఎన్నికలకు ముందు మాట్లాడటం, ఉద్యోగాలను విదేశాలకు తరలించే కంపెనీలకు పన్ను రాయితీలు ఆపుతానని డెన్వర్‌లో జరిగిన పార్టీ మహాసభలో ప్రకటించడం ఢిల్లీ వారిని కలవరపెట్టాయి. గెలిచిన తర్వాత ఆయన ఫోను చేసిన నేతల తొలి జాబితాలో మన ప్రధాని పేరు లేకపోవడం కొన్ని రోజుల పాటు పతాక శీర్షికలకు సరుకయింది. తర్వాత ఆ ఫోను వచ్చింది, శీర్షికలు చల్లబడ్డాయి. ఇంకొక వైపు, ఆయన జేబులో చిన్న హనుమంతుడి బొమ్మ ఉంటుందన్న వార్త విని ఢిల్లీ భక్తులు బంగారు పూత పూసిన విగ్రహాన్ని జూన్‌లోనే సిద్ధం చేశారు. సెనేట్ కార్యాలయంలో గాంధీ గారి పటం ఉందని మనమందరం మురిసిపోయాం. మొత్తం మీద మన పత్రికలు ఆ మనిషిని రెండే చూపులతో చూశాయి: మన వాడా, మన పని చేసి పెడతాడా? నవంబరు చివర జరిగిన ముంబయి దాడుల తర్వాత ఆ రెండో ప్రశ్న ఒక్కటే మిగిలింది, అదీ పాకిస్తాన్ గురించి.

ఇక్కడ అమెరికాలో ఉన్న మన తెలుగువారి స్పందన ఇంతకంటే మెరుగ్గా ఉందని చెప్పడానికి నాకు మనసు రావడం లేదు. మనలో చాలామంది మొదట, పార్టీ అభ్యర్థిత్వానికి ఒబామాతో పోటీపడిన హిల్లరీ క్లింటన్ పక్షాన ఉన్నవారే. దానికి కారణాలున్నాయి, ఆమె భారతీయులతో పాత పరిచయం ఉన్న మనిషి. 2007లో ఒబామా ప్రచార బృందం ఆమెను "పంజాబ్ నుంచి వచ్చిన డెమొక్రాట్" అని ఎత్తిపొడుస్తూ ఒక పత్రం తయారు చేసినప్పుడు మనకు కోపం వచ్చింది, న్యాయంగానే వచ్చింది; ఆయన అది తెలివితక్కువ పని అని ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. కాని ఆ తర్వాత ఏడాది పాటు మన విందుల్లో, మన ఈమెయిళ్ళలో తిరిగిన మాటలకు ఏ పత్రమూ అక్కరలేకపోయింది. ఆయన ముస్లిము అని, ప్రమాణం ఖురాన్ మీద చేశాడని వచ్చిన అబద్ధాలను మనలో పీహెచ్‌డీలున్న వారే మారు మాట లేకుండా పది మందికి పంపారు. నల్లజాతి వారిని మనం ఇళ్ళలో ఏ పేరుతో పిలుచుకుంటామో చదువరులకు తెలుసు. పిల్లల చెవిన పడితే బడిలో అనేస్తారని గొంతు తగ్గించే ఆ మాటను నేను ఈ పత్రికలో రాయలేను. అదే నోటితో నవంబరు 5 ఉదయం ఆఫీసులో "చరిత్రాత్మకం" అన్నాం. నేనూ అన్నాను.

వీసా గురించిన ఆందోళనను నేను చిన్నచూపు చూడటం లేదు. సెప్టెంబరు 15న లీమన్ బ్రదర్స్ బ్యాంకు కూలిన నాటి నుంచి ఎంతమంది ఇళ్ళలో నిద్ర లేదో మన తెలుగు సంఘం కార్యవర్గంలో ఉన్న వారికి తెలుసు. హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న కుర్రవాడికి అప్పట్లో ఉద్యోగంతో పాటు దేశంలో ఉండే హోదా కూడా పోయేది. సామాను సర్దుకోవడానికి కూడా అప్పటి చట్టం గడువిచ్చేది కాదు. ఏటా 65 వేల వీసాలకు 2008 ఏప్రిల్‌లో ఎంత పెద్ద లాటరీ జరిగిందో చూశాం. ఆ లెక్క వేసుకోవడంలో తప్పు లేదు. నా ఫిర్యాదు వేరు: లెక్కలో పాత బాకీ ఒకటి ఉంది, దాన్ని మనం ఎప్పుడూ రాసుకోలేదు.

1923లో భగత్ సింగ్ థిండ్ అనే భారతీయుడు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన సిక్కు, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. అప్పటి చట్టం ప్రకారం వలస వచ్చిన వారిలో తెల్లవారికి, ఆఫ్రికా సంతతికి మాత్రమే పౌరసత్వం. ఆయన తరఫున నివేదించిన వాదం ఏమిటంటే, తాము ఆర్యులమని, ఉన్నత కులానికి చెందిన హిందువు తన దేశపు ఆదివాసులను పెళ్ళి సంబంధాల విషయంలో ఎంత దూరం పెడతాడో, తెల్ల అమెరికన్ నల్లవాడిని అంతే దూరం పెడతాడని, కాబట్టి తామిద్దరూ ఒక కోవ వారేనని. (ఆనాటి కాగితాల్లో భారతీయులందరూ హిందువులే.) కులాన్ని సాక్ష్యంగా చూపి తెల్లతనం అడిగాం. కోర్టు ఇవ్వలేదు, శాస్త్రం ఏమి చెప్పినా సామాన్యుడి దృష్టిలో మీరు తెల్లవారు కారు అని తీర్పు చెప్పింది, అప్పటికే పౌరులైన వారి హక్కులను కూడా ప్రభుత్వం వెనక్కు లాక్కోవడం మొదలుపెట్టింది. 1946లో చట్టం కొంత సడలి పౌరసత్వం దక్కింది గాని, వలసకు ఇండియా మొత్తానికి దక్కిన వాటా ఏడాదికి 100 మంది. ఒక్క పెళ్ళికి రెండు బస్సుల్లో తీసుకెళ్ళేంత మంది.

ఆ వంద పరిమితి ఎలా పోయింది? మన ప్రతిభను చూసి ఎవరో తలుపు తెరిచారని మనం పిల్లలకు చెబుతుంటాం. 1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం మీద, అక్టోబరు 3న స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర కొత్త వలస చట్టం మీద సంతకం చేసింది ఒక్కరే, లిండన్ జాన్సన్. రెండింటినీ ఆమోదించింది ఒకే కాంగ్రెస్. ప్రతినిధుల సభ న్యాయ సంఘానికి అధ్యక్షుడిగా 1964 పౌర హక్కుల చట్టాన్ని నడిపించిన ఇమాన్యుయెల్ సెల్లర్ పేరే వలస చట్టానికీ ఉంది. చర్మపు రంగును బట్టి ఒక పౌరుడిని బస్సులో వెనక సీటుకు తోయడం అన్యాయమని దేశం ఒప్పుకున్నాక, పుట్టిన దేశాన్ని బట్టి ఒక ఇంజనీరును రేవులోనే నిలిపివేయడాన్ని సమర్థించుకోవడం కష్టమయింది. ఇండియాకు పరిమితి ఏడాదికి 20 వేలకు పెరిగింది. డెబ్బైలలో గుంటూరు, విశాఖపట్నం వైద్య కళాశాలల నుంచి వచ్చిన డాక్టర్లు, తర్వాత వారు పిలిపించుకున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, ఈ సంఘాన్ని స్థాపించిన పెద్దలు ఆ దారినే వచ్చారు. 1965 మార్చిలో, ఓటు హక్కు కోసం నడుస్తూ, అలబామాలోని సెల్మా వంతెన మీద పోలీసు లాఠీలకు తల పగిలిన జాన్ లూయిస్‌కు మన గుంటూరు డాక్టరు సంగతి తెలియదు. మనకు ఆయన సంగతి తెలియకపోవడానికి మాత్రం సాకు లేదు.

ఆ రాత్రి సంబరం అందరిదీ కాదని కూడా చెప్పుకోవాలి. ఒబామాకు దాదాపు 53 శాతం ఓట్లు, 365 ఎలక్టోరల్ ఓట్లు వచ్చిన మాట నిజం. ఒకప్పుడు బానిస రాష్ట్రాల కూటమికి రాజధాని ఉన్న వర్జీనియా 1964 తర్వాత మొదటిసారి డెమొక్రాట్‌ను గెలిపించిన మాటా నిజం. అయినా ఓటరు సర్వేల ప్రకారం తెల్లవారిలో ఆయనకు ఓటు వేసింది 43 శాతమే. ఫీనిక్స్‌లో ఆయన ప్రత్యర్థి జాన్ మెకెయిన్ ఓటమి అంగీకరిస్తూ, ఒక శతాబ్దం కిందట అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్‌ను భోజనానికి పిలిస్తే దేశంలో ఎంత గగ్గోలు పుట్టిందో గుర్తు చేశారు. తన అభిమానులే ఈలలు వేసి ఎగతాళి చేయబోతే చేయెత్తి ఆపారు. ఆ పది నిమిషాల ప్రసంగం ఆయన ప్రచారమంతటికంటే గొప్పగా ఉందని నాకనిపించింది. ఆయనకు ఓటు వేసిన తెలుగువారూ మనలో ఉన్నారు. వారందరినీ రంగు పిచ్చి ఉన్నవారిగా జమకట్టడం అన్యాయం. అయితే ఫలితం ప్రకటించిన కొన్ని గంటలకే మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, ఇంకా నిర్మాణంలో ఉన్న నల్లజాతి వారి చర్చి ఒకటి తగలబడి బూడిదయింది. ఎవరో నిప్పు పెట్టిన పనేనని దర్యాప్తులో తేలింది. అదే వారం తుపాకుల దుకాణాల ముందు వరుసలు పెరిగాయి.

మన ఊళ్ళ నుంచి వచ్చే ఫోన్లలో, ఇక్కడి చర్చల్లో వీసా తర్వాత ఎక్కువగా వినబడిన ప్రశ్న "మనకు ఒబామా ఎప్పుడు వస్తాడు?" అని. 2009లో ఎన్నికలు కాబట్టి దీనికి గిరాకీ ఎక్కువ. ఆగస్టులో తిరుపతిలో పార్టీ పెట్టిన చిరంజీవి గారు కూడా మార్పు, సామాజిక న్యాయం అన్న మాటలతోనే బయలుదేరారు. ఉత్తరాదిలో కొందరు మాయావతి గారిని చూపిస్తున్నారు. ఈ ప్రశ్న అడిగేవారికి, ముఖ్యంగా మన రాష్ట్రం వారికి, ఒక విషయం గుర్తు చేయాలి. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి మన దామోదరం సంజీవయ్య గారు. 1960 జనవరిలో, నలభై ఏళ్ళు కూడా నిండకుండానే, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ఈ అమెరికాలో, ఒబామా తల్లిదండ్రుల వంటి నలుపు తెలుపుల జంట పెళ్ళి చేసుకోవడం చాలా రాష్ట్రాల్లో నేరం. అంటే ఆ వరుసలో మనమే ముందున్నాం. కాని ఆ తర్వాత పాతికేళ్ళకు, 1985లో, కారంచేడులో దళితుల ఊచకోత జరిగింది. 1991లో చుండూరులోనూ అదే జరిగింది. పైన కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది ఊరి చెరువు దగ్గర నీళ్ళ బిందె పట్టుకున్న మనిషి బతుకును దానంతటదే మార్చదని మనకంటే బాగా తెలిసిన వాళ్ళు ఎవరుంటారు? అందుచేత అమెరికన్ మిత్రులు ఇక జాతి వివక్ష ముగిసిపోయిందని సంబరపడుతున్నప్పుడు, నెమ్మదిగా కారంచేడు కథ చెప్పగలిగిన వాళ్ళం మనం. చెప్పం. చెబితే మనం ఏ వీధి వాళ్ళమని వాళ్ళు అడుగుతారేమోనన్న భయం.

మార్టిన్ లూథర్ కింగ్ 1959లో మన దేశం వెళ్ళినప్పుడు, కేరళలో దళిత పిల్లల బడి ఒకటి చూడబోయారట. ప్రధానోపాధ్యాయుడు ఆయనను పిల్లలకు పరిచయం చేస్తూ, అమెరికా నుంచి వచ్చిన మీ వంటి అంటరాని సోదరుడు అన్నాడు. మొదట మనసు చివుక్కుమన్నదని, తర్వాత తమ దేశంలోని రెండు కోట్ల మంది గురించి ఆలోచించి, అవును, నేనూ అంటరానివాణ్ణే అనుకున్నానని కింగ్ ఆ తర్వాత ఒక ప్రసంగంలో చెప్పుకున్నారు. ఆ తరగతి గదిలో ఆ ఉపాధ్యాయుడు ఒక్క క్షణంలో చూడగలిగిన పోలిక, ఇక్కడ ముప్ఫై ఏళ్ళుగా నల్లజాతి వారి పక్క వీధిలో కాపురం ఉంటున్న మనకు కనబడలేదు.

కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారం 2009 జనవరి 20, మంగళవారం. దానికి ముందు రోజు, 19, కింగ్ గారి పేరిట జాతీయ సెలవు. దాని ముందరి శనివారం, 17న, మన సంఘం సంక్రాంతి వేడుక. మూడు రోజుల సెలవు కలిసివచ్చినందువల్లనే ఏటా ఆ శనివారాన్ని ఎంచుకుంటాం గాని, ఆ సెలవు ఎవరి పేరిట వచ్చిందో వేదిక మీద ఒక్కసారి కూడా పలకగా నేను వినలేదు. మా పేటలో ఒక రిటైర్డు టీచరమ్మ ఉన్నారు; అలబామాలో పుట్టి, ఓటు నమోదు కోసం తండ్రితో కోర్టు మెట్లు ఎక్కి దిగిన మనిషి. ఈ నవంబరులో ఓటు వేయడానికి మూడు గంటలు నిలబడ్డారు. ఆమెను పిలిచి ముగ్గుల పోటీకి, నృత్యాలకు మధ్య ఒక ఇరవై నిమిషాలు మాట్లాడించమని కార్యవర్గానికి రాశాను. కార్యక్రమం ఇప్పటికే నాలుగు గంటలు దాటిందని, ఎవరి అంశం తీసేసినా తల్లిదండ్రులు నొచ్చుకుంటారని కార్యదర్శి గారు మర్యాదగానే జవాబిచ్చారు. స్వీయ కవితా పఠనం కింద నా పేరు మీద పది నిమిషాలున్నాయి. అవి ఆమెకు ఇచ్చేస్తున్నాను. మిగిలిన పది కోసం చూస్తున్నాను.