ముక్కులు పెరిగే సీజన్

హైదరాబాద్‌లో పెళ్లి కుదిరిన ఆడపిల్లలకు ముక్కు పెరుగుతోంది. నిశ్చితార్థం నాడు మామూలుగానే ఉంటుంది. ప్రీ వెడ్డింగ్ షూట్ ఫొటోలు చేతికొచ్చేసరికి వంకాయంత అవుతుంది. డాక్టర్లెవరూ పట్టించుకోకపోయినా ఫొటోగ్రాఫర్ గారు పట్టించుకున్నారు. "క్లోజప్‌లో మీ నోస్ కొంచెం హెవీగా ఉంది మేడమ్, రీటచింగ్‌లో సెట్ చేసేద్దాం" అన్నారు. ఫొటోకింత అని రేటు.

ఈ జబ్బు పుట్టుక చూడాలంటే పొద్దున్నే నెక్లెస్ రోడ్డుకు వెళ్లాలి. ఫొటోగ్రాఫర్ సారు చేతిలో 24-70 జూమ్ లెన్స్. 24 దగ్గర పెడితే వెడల్పుగా అంతా పడుతుంది, 70 దగ్గర పెడితే దూరంది దగ్గరకొస్తుంది. వెనకాల హుస్సేన్ సాగర్ బుద్ధుడు కూడా పడాలి గనక దాన్ని 24 దగ్గర పెడతారు. అప్పుడు ముఖం చిన్నదైపోతుంది. అందుకని ఓ అడుగు ముందుకు. ఇంకో అడుగు. రిఫ్లెక్టర్ కుర్రాడు తప్పుకుంటాడు, పెళ్లికొడుకూ తప్పుకుంటాడు. చివరికి లెన్స్ అద్దానికీ ముక్కుకూ మధ్య జానెడు మిగులుతుంది. అమ్మాయి ఊపిరికి లెన్స్ మసకేస్తే టీషర్టు అంచుతో తుడిచి, "నేచురల్‌గా నవ్వండి మేడమ్" అంటారు. క్లిక్. వెనక 58 అడుగుల బుద్ధుడు చెవి బుట్ట కన్నా చిన్నగా, ముందు ముక్కు విశ్వరూపంలో.

పాపం లెన్స్‌ది కాదు, దూరానిది. ముక్కు కొస నుంచి చెవికి సుమారు 12 సెంటీమీటర్లు. కెమెరా ముక్కుకు 30 సెంటీమీటర్లలో ఉంటే చెవి 42లో ఉన్నట్టు. అంటే చెవితో పోలిస్తే ముక్కు 40 శాతం ఎక్కువ సైజులో పడుతుంది. మీటరున్నర దూరానికి జరిగితే ఆ తేడా 8 శాతమే. అక్కణ్నుంచి ఫుల్ ఫ్రేమ్ మీద, అంటే పెద్ద సెన్సర్ కెమెరా మీద, 85 లెన్స్ పెడితే తల, భుజాలు వస్తాయి; ముఖమే నిండాలంటే 135. క్రాప్ సెన్సర్‌కి, అంటే చిన్న సెన్సర్ కెమెరాకి, తల, భుజాలకు 50 చాలు.

85 కొన్నవాళ్లదీ ఒక వేడుకే. ఎఫ్ 1.4కి, అంటే లెన్స్ రంధ్రం అంత పెద్దగా తెరుచుకోవడానికి, డబ్బు పోశాం గనక 1.4లోనే తీస్తారు. మీటరు దూరంలో ఫోకస్ అందేది సెంటీమీటరు మందం. కన్ను దక్కుతుంది, అమ్మమ్మ ఇచ్చిన ముక్కుపుడక మంచులో కలుస్తుంది. రంధ్రం చిన్నది చేసి 5.6కీ 8కీ మధ్య పెడితే రెండూ నిలుస్తాయి. కానీ బ్లర్ కొనుక్కున్నది వాడకపోతే ఎలా!

సరే, అది డబ్బు జబ్బు. మొదటిది మాత్రం క్షమించరానిది. ఆ పిల్ల ఇరవై అయిదేళ్లుగా చూసుకుంటున్న ముఖాన్ని నువ్వు జానెడు దూరం నుంచి వికారం చేసి, తప్పు ఆమె ముక్కుదని ఆమెకే చెప్పి, సరిచేయడానికి మళ్లీ ఆమె దగ్గరే డబ్బు గుంజుతావా? రేపు అద్దం ముందు నిలబడి పక్కకు తిరిగి తిరిగి చూసుకునేది నువ్వు కాదు. నీ చేతిలో ఉన్నది 24-70. అందులో 70 కూడా ఉంది నాయనా! మణికట్టు తిప్పి, నాలుగడుగులు వెనక్కి నడువు. బుద్ధుడు ఇంకోసారి పడతాడులే.